పదకొండో ప్రశ్న, పట్టు ఉత్తరీయం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒకటి ఉందని ఎవరైనా అంటే, అదేమిటో వాళ్లు చెప్పేలోపే దాని గురించి నేను పది నిమిషాలు మాట్లాడేసేవాణ్ణి. ఇరవై ఏడేళ్ల వయసు. కొత్త పెళ్లి, కొత్త ఉద్యోగం, సింగపూరు కొత్త. ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా మనిషికి కాస్త బెరుకు నేర్పాలి. నాకు మాత్రం మూడూ కలిసి ధైర్యాన్నే నేర్పాయి. ఎమ్మార్టీ రైల్లో దారి అడగాల్సి వస్తే అడిగేవాణ్ణి కాదు, రెండు స్టేషన్లు అవతల దిగి, అక్కడే ఏదో పని ఉన్నట్టు ఒక చుట్టు తిరిగి, వెనక్కి వచ్చేవాణ్ణి. (మా ఆవిడ పక్కన ఉన్నప్పుడు కూడా.) ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, అప్పట్లో నన్ను చూసి నవ్వే ధైర్యం ఎవరికీ ఉండేది కాదని నా నమ్మకం. ఉండేదని తర్వాత తెలిసింది.

మా ఆఫీసు ఆంగ్ మో కియోలో, ఫ్యాక్టరీ షెడ్ల నడుమ, నాలుగో అంతస్తులో ఉండేది. కట్టడాల కంపెనీలకూ షిప్‌యార్డులకూ భద్రతా పాఠాలు తయారుచేసి ఇవ్వడం మా పని. కూలీ పనికి వచ్చినవాడు కంప్యూటర్ ముందు కూర్చుని పాఠం వింటాడు, బొమ్మలు చూస్తాడు, చివర్లో ఇరవై ప్రశ్నలకు జవాబులు నొక్కుతాడు. నన్ను తీసుకున్నది సాఫ్ట్‌వేర్ రాయడానికే. కానీ ఒకనాడు మా బాస్ వచ్చి, తెలుగువాళ్ల కోసం కూడా పాఠాలు కావాలట, ఆఫీసులో తెలుగు వచ్చినవాడివి నువ్వొక్కడివే, చేస్తావా అంది. చేస్తానా అని నన్ను అడగడమే! పవర్ టూల్స్ జాగ్రత్తగా వాడటం ఎలా అన్న పాఠం మొత్తం నేనే తెలుగు చేశాను, నేనే చదివి రికార్డు చేశాను. నా గొంతు నాకు బాగా నచ్చింది. పన్నెండు నిబంధనలు, ఒక్కొక్కదాని ముందూ చిన్న విరామం, ఆ తర్వాత గంభీరంగా, "నిబంధన మూడు. తిరిగే యంత్రం వద్ద వేలాడే దుస్తులు తగవు." ఇంట్లో మా ఆవిడ మిక్సీ వేస్తున్నా వెనక నిలబడి నిబంధన నంబరు చెప్పేవాణ్ణి. ఆమె పచ్చడి గిన్నె వైపు చూసేది తప్ప నా వైపు చూసేది కాదు.

ఇంతకీ అసలు విషయం ఏమిటంటే, అప్పటికి నేను జీవితంలో డ్రిల్లు పట్టుకోలేదు. ఇనుము కోసే గ్రైండర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మా ఇంట్లో మేకు కొట్టాలన్నా ఎవరినో పిలిచేవాళ్లు. కానీ పాఠం చదివాను కదా, గొంతు కూడా ఇచ్చాను కదా, ఇంకేం కావాలి? పైగా బాస్ ఇంకో అవకాశం కూడా ఇచ్చింది. ప్రతి భాషవాళ్లూ తమ మనుషుల అలవాట్లకు తగ్గట్టు రెండు ప్రశ్నలు సొంతంగా చేర్చుకోవచ్చంది. ఆ రెండిటిలో ఒకటి పదకొండో ప్రశ్న. చేతి డ్రిల్లుతో పని చేసేటప్పుడు గ్లవ్స్ విషయంలో ఏది సరైన పద్ధతి అన్నది ప్రశ్న. మన వాళ్లు గ్లవ్స్ అంటే బద్ధకిస్తారు, వాళ్లను దారిలో పెట్టాలి అని, "అన్ని వేళలా గుడ్డ గ్లవ్స్ తప్పనిసరి" అన్నదాన్ని సరైన జవాబుగా, అన్నిటికన్నా ముందు పెట్టాను. తప్పు జవాబులు కూడా నేనే రాయాలి కాబట్టి, "తిరిగే బిట్టు దగ్గర గుడ్డ గ్లవ్స్ వేసుకోకూడదు" అని ఒకటి రాశాను. (బిట్టంటే డ్రిల్లు కొసన తిరిగే ఇనుప మొన.) ఇంత పిచ్చి జవాబు ఎవరు నొక్కుతారులే అని నవ్వుకుంటూ మరీ రాశాను. అంతటితో ఆగక ఆ ప్రశ్నకు నక్షత్రం గుర్తు కూడా పెట్టాను. నక్షత్రం ఉన్న ప్రశ్న తప్పితే, మిగతా పందొమ్మిదీ ఒప్పయినా ఫెయిలే.

మా ఆవిడ ఆదివారాలు పని కుర్రాళ్లకు, పెద్దవాళ్లకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే ఒక తరగతికి వెళ్లేది. ఊరికే, సేవగా. అక్కడ పరిచయమైనవాడు డ్రిల్లన్న. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటి ఉంటాయి. పదిహేనేళ్లుగా గోడలకూ శ్లాబులకూ రంధ్రాలు వేస్తున్నాడు, అందుకే అందరూ అలా పిలిచేవాళ్లు. ఒక ఆదివారం మా ఆవిడ తరగతి నుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే అంది: "ఏవండీ, డ్రిల్లన్న రెండుసార్లు ఫెయిలయ్యాడట. మీ పరీక్షలోనే. రేపు కాక పై సోమవారం మూడోసారి రాయాలి. ఈసారీ పోతే ఇక డ్రిల్లు చేతికివ్వరట. బరువులు మోసే బ్యాచిలో వేస్తారట." నేను సోఫాలో కాలు మీద కాలేసుకుని ఉన్నాను. "పాఠం సరిగ్గా విని ఉండడు" అన్నాను. "రెండుసార్లు విన్నాడట" అంది. "అయితే శ్రద్ధగా విని ఉండడు." ఆమె ఒక క్షణం నన్ను చూసి, "ఆయనకు నడుం నొప్పి ఉందండీ. బరువులు మోయలేడు. ఇంటికి పంపేస్తారు" అంది. ఆ మాటకు నాక్కూడా మనసు చివుక్కుమంది. నా దగ్గరకు తీసుకురా, ఒక్క పూటలో నేర్పేస్తాను అన్నాను. డ్రిల్లన్నకు డ్రిల్లు సంగతి నేను నేర్పుతానని, ఎంత మామూలుగా అన్నానో!

సరిగ్గా ఆ వారమే మా అత్తగారు రాజమండ్రి నుంచి దిగారు. పుంగ్గోల్‌లో మేముండే అద్దె ఫ్లాటులో పూజా మందిరం లేదని ఆవిడ టేకుతో చేయించిన మందిరాన్ని విప్పి, ముక్కలు చీరల మధ్య సర్దుకుని తెచ్చారు. దాన్ని గోడకు బిగించాలి. మొదట ఆవిడ కళ్లు ఇంట్లో ఉన్న షెల్టర్ గది మీద పడ్డాయి. మందపాటి గోడలు, ఉక్కు తలుపు, అచ్చం గర్భగుడిలా ఉందని ముచ్చటపడ్డారు. ఆ గోడకు రంధ్రం పెట్టకూడదు అత్తయ్యగారూ, యుద్ధం వస్తే దాక్కునే గది అది అంటే, అందులో అప్పటికే ఉన్న బియ్యం బస్తా, ఆవకాయ జాడీ చూసి, "మంచిదే, కరువొచ్చినా దాక్కోవచ్చు" అన్నారు. చివరికి హాల్లో గోడ ఖాయమైంది. ఇల్లుగల అంకుల్‌ని అడిగితే, నాలుగు రంధ్రాలకు ఒప్పుకున్నాడు. నాలుగంటే నాలుగే. ఇక ముహూర్తం. అత్తగారు పంచాంగం తీసి ఆదివారం తెల్లవారుజామున అన్నారు. ఆదివారం ఇక్కడ గోడలు తొలవకూడదని చెబితే, "దేవుడికి కూడా పర్మిషనా?" అని మూతి ముడిచి, మళ్లీ వేళ్లు లెక్కపెట్టి, శనివారం పది పన్నెండు నుంచి పది ముప్పై ఆరు వరకు పరవాలేదన్నారు. ఇరవై నాలుగు నిమిషాలు. నాలుగు రంధ్రాలకు తలా ఆరు నిమిషాలు అని నేను అప్పటికప్పుడు తేల్చేశాను.

ఆ శనివారం డ్రిల్లన్నకు సెలవు దొరికింది. ఉతికిన చొక్కా, ఒక సంచిలో ఆపిల్ పళ్లు, గుమ్మం బయటే నీటుగా విప్పిన చెప్పులు. అత్తగారు కాఫీ ఇస్తే రెండు చేతులతో అందుకున్నాడు. "ఎందుకు నాయనా ఈ పళ్లు? బిగించేది నువ్వేనా?" అని ఆవిడ అడిగారు. నేను అడ్డుపడ్డాను. వర్క్ పర్మిట్ మీద వచ్చినవాళ్లు సొంత కంపెనీ పని తప్ప బయట పని ముట్టుకోకూడదు, ఆయన ఇవాళ మన అతిథి, డ్రిల్లింగు నేను చేస్తాను అన్నాను. డ్రిల్లన్న కప్పు దించి నా చేతుల వైపు ఒకసారి చూశాడు. ఆ చూపుకు అర్థం ఏమిటో నేనప్పుడు ఆలోచించలేదు, గౌరవం అనుకున్నాను.

ముహూర్తానికి ఇంకా గంటుంది కాబట్టి ముందు పాఠం మొదలుపెట్టాను. ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, నా గొంతు వంటింటిదాకా వినిపించేంత గట్టిగా పెట్టి, ఒక్కో ప్రశ్నా అడిగాను. ఆయన చకచకా చెప్పేస్తున్నాడు. బిట్టు మార్చే ముందు ప్లగ్గు పీకాలి. వైరు తెగి ఉంటే ముట్టుకోవద్దు. కళ్లద్దాలు పెట్టుకోవాలి. గోడలో కరెంటు వైరు ఏడ పోయిందో ముందు చూసుకోవాలి. పదికి పది. నాకు ఆశ్చర్యం వేసింది, ఇలాంటి మనిషి రెండుసార్లు ఎలా తప్పాడని. పదకొండో ప్రశ్న వచ్చింది. ఆయన జవాబులన్నీ చదివి, నేను నవ్వుకుంటూ రాసిన ఆ పిచ్చి జవాబు మీదే వేలు పెట్టాడు. "అది కాదన్నా, మొదటిది" అన్నాను. "మొదటిది తప్పు సార్" అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడంటే, వంటింట్లోంచి మా ఆవిడ తొంగి చూసింది.

"బరువులు మోసేటప్పుడు గ్లవ్స్ ఏస్కుంటం సార్. ఇనుప పలకలు పట్టేటప్పుడు ఏస్కుంటం. డ్రిల్లు పట్టినప్పుడు మాత్రం గుడ్డ గ్లవ్స్ ఏస్కోం. బిట్టుకు దారం తగిలిందంటే గుంజుకుంటది. చెయ్యి తియ్యనియ్యది."

"అన్నా, పరీక్షలో మొదటిదే ఒప్పు. మీరు అది నొక్కండి చాలు, పాసైపోతారు."

"నొక్కొచ్చు సార్. మా ఫోర్‌మెన్ గూడ గదే అన్నడు. గానీ నా ఎనుక ఇద్దరు కొత్త పోరలు నేర్సుకుంటున్నరు. నేను గది ఒప్పని నొక్కి పాసై, రేపు వాళ్లకు గ్లవ్స్ తీసేయుండ్రి అని ఎట్ల చెప్తా?" అని, ల్యాప్‌టాప్ కాస్త పక్కకు జరిపి, "ఏమనుకోకుండ్రి సార్. మీరెప్పుడన్న డ్రిల్లు పట్టిండ్రా?" అని అడిగాడు.

ఇలాంటి ప్రశ్నలకు నా దగ్గర ఎప్పుడూ జవాబు ఉండేది. "పట్టడం వేరు, భద్రతా శాస్త్రం వేరు" అన్నాను. (శాస్త్రం అన్న మాట నా నోటికి ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి.) ఆయన తల ఊపి, మిగిలిన కాఫీ తాగేశాడు. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది, నిజం చెప్పొద్దూ. ఇంత మొండివాడు ఫెయిల్ కాక ఏమవుతాడు అనుకున్నాను. ఇంతలో అత్తగారు గడియారం చూసి, "బాబూ, తలస్నానం చేసి రండి, దేవుడి పని మడిగా చేయాలి" అన్నారు. నేను వచ్చేలోపు డ్రిల్లన్న వింటాడని, ల్యాప్‌టాప్‌లో పాఠాన్ని మళ్లీ మొదటినుంచి నడవనిచ్చి లేచాను.

మడి అంటే పట్టుపంచె, పట్టు ఉత్తరీయం. మా పెళ్లిలో అత్తగారు పెట్టినవే, జరీ అంచువి. నేను స్నానం చేసి, కట్టుకుని, మెడలో ఉత్తరీయం వేసుకుని వచ్చాను. దాని మీద మళ్లీ భద్రతా శాస్త్రం ఉంది కాబట్టి కళ్లకు ప్లాస్టిక్ అద్దాలు, చేతులకు తెల్లటి గుడ్డ గ్లవ్స్. గ్లవ్స్ చూసి అత్తగారు ముఖం చిట్లిస్తే, మా ఆవిడ వాటి మీద పసుపు నీళ్లు చల్లి మడి చేసింది. ఆఫీసు మిత్రుడి దగ్గర అరువు తెచ్చిన డ్రిల్లు ఎర్రటి పెట్టెలోంచి బయటికి వచ్చింది. దానికీ బొట్టు పెట్టారు. అద్దంలో చూసుకుంటే పెళ్లికొడుకు వెల్డింగుకు బయల్దేరినట్టు ఉన్నాను, కానీ ఆ క్షణంలో నాకు అదంతా ఎంతో హుందాగా తోచింది.

డ్రిల్లన్న లేచి నిలబడ్డాడు. "సార్, గా మెడల గుడ్డ తీసేయుండ్రి" అన్నాడు. అత్తగారు వెంటనే, "అయ్యో, ఉత్తరీయం లేకుండా దేవుడి పనా?" అన్నారు. అటు ఆవిడ, ఇటు ఆయన. ఇద్దరినీ మెప్పించే ఉపాయం నాకు తట్టింది. ఉత్తరీయం అడ్డు రాకుండా మెడ చుట్టూ ఒక చుట్టు చుట్టి, కొసలు వెనక్కి వేసుకున్నాను. "చూశారా, ఇక వేలాడదు" అన్నాను. ఇంతకన్నా తెలివితక్కువ పని మనిషన్నవాడు చేయలేడని ఇవాళ నాకు తెలుసు. ఆ రోజు మాత్రం, నిబంధన మూడును ఆచారంతో రాజీ చేసిన మొదటి మనిషిని నేనే అనుకున్నాను. డ్రిల్లన్న వెళ్లి గోడకున్న ప్లగ్గు పక్కన నిలబడి, స్విచ్చి మీద వేలు ఆనించి ఉంచాడు. పని ముట్టుకోవద్దన్నాను కదా, స్విచ్చి ముట్టుకోవద్దనలేదు.

పది పన్నెండు. అత్తగారు గంట కొట్టారు. నేను చిన్న స్టూలెక్కి, పెన్సిలు గుర్తు మీద బిట్టు ఆనించి, మీట నొక్కాను. ఆ చప్పుడు! ఇల్లంతా అదిరిపోయింది. నా భుజాలు, పళ్లు, ఆఖరికి నా ఆలోచనలు కూడా అదిరాయి. కానీ గోడలోంచి తెల్లటి పొడి రాలుతుంటే కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. మొదటి రంధ్రం పడింది. దిగి ఒకసారి అందరి వంకా చూశాను. (డ్రిల్లన్న రంధ్రం వంక కాదు, నా మెడ వంక చూస్తున్నాడు.) రెండో దానికి ఇంకా ధీమా వచ్చింది. ఊరికే మీట నొక్కి పట్టుకోవడం ఎందుకని, పిడి పక్కనున్న చిన్న బొత్తాం కూడా నొక్కాను. అది నొక్కితే, వేలు తీసినా మిషను ఆగదు. అది కూడా నా పాఠంలో ఉంది, నిబంధన తొమ్మిది, అవసరం లేకుండా వాడొద్దని. మూడో గుర్తు కొంచెం ఎత్తులో ఉంది. చేతులు పైకెత్తాను. వెనక్కి వేసుకున్న ఉత్తరీయం కొస జారి, భుజం మీదుగా ముందుకు వచ్చింది.

తర్వాత జరిగింది చెప్పడానికి పట్టినంత సేపు జరగలేదు. జరీ అంచు బిట్టుకు తగిలింది. అంతే, గుడ్డ గిర్రున చుట్టుకుంది, నా మెడ డ్రిల్లు వైపు వంగింది. నేను వంచలేదు, అదే వంచింది. మీట మీంచి వేలు తీశాను, ఆగలేదు. నేను నొక్కిన బొత్తాం నా మాట వినలేదు. అంగుళం, ఇంకో అంగుళం, ఆ ఇనుప బిట్టు నా ముక్కుకు ఎదురుగా వస్తోంది. అరుద్దామంటే మెడకు చుట్టిన ఉత్తరీయం ఊపిరాడనివ్వలేదు. పై ప్రాణాలు పైనే పోయాయి అంటారే, అది ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. టక్కుమని స్విచ్చి చప్పుడు. మిషను ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో, అందరం మర్చిపోయిన ల్యాప్‌టాప్‌లోంచి నా గొంతు గంభీరంగా వినిపించింది: "అభినందనలు. మీరు ఈ పాఠాన్ని విజయవంతంగా పూర్తి చేశారు."

ఎవరూ నవ్వలేదు. మా ఆవిడ ముఖం తెల్లబోయింది. ఆమె వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. డ్రిల్లన్న ప్లగ్గు పీకి పక్కన పెట్టి, నన్ను స్టూలు మీంచి దించి, ఉత్తరీయాన్ని మెల్లగా వెనక్కి తిప్పి విడదీశాడు. జరీ అంతా పోగులు పోగులైంది. తర్వాత నా కుడి చేతి గ్లవ్ లాగి చూపించాడు. బొటనవేలి దగ్గర గుడ్డ కూడా ఒక పోగు లేచి, బిట్టుకు చుట్టుకుని ఉంది. నేను అదసలు గమనించనే లేదు. "దుబాయిల ఉన్నప్పుడు మా రూముల ఒకాయనకు గిట్లనే పట్టుకుంది సార్" అన్నాడు. "గ్లవ్స్ లేకుంటే గీసుకుపోయేది. గ్లవ్ ఉండె, ఏలు పోయింది. నేనే దవాఖానకు తీస్కపోయిన. అందుకే సార్, గా ప్రశ్నకు నా చెయ్యి మొదటి జవాబు మీదికి పోదు." ఒక్క మాటలో కూడా నన్ను ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచి ఉంటే బాగుండేది, నేనేదో ఒకటి తిరిగి అనేవాణ్ణి. గాయం కాని ముక్కును తడుముకుంటూ నిలబడ్డాను. సిగ్గుతో తల దించుకోవడం అంటే ఏమిటో అప్పటిదాకా నాకు తెలియదు.

అప్పుడు అత్తగారు గడియారం చూశారు. "ఇంకా పద్నాలుగు నిమిషాలుంది" అన్నారు. ఆ వెంటనే డ్రిల్లన్న వైపు తిరిగి, "నాయనా, దేవుడికి అల్లుడు కావాలా, ఉత్తరీయం కావాలా? నువ్వు చెప్పు, ఏం కట్టుకుని చేయమంటావో అదే మడి" అన్నారు. మా వంశంలో అంతకు ముందు ఎవరూ అంత పెద్ద ధర్మనిర్ణయం అంత తొందరగా చేసి ఉండరు. డ్రిల్లన్న చెప్పినట్టే, ఉతికిన ప్యాంటు, బిగుతైన బనీను వేసుకున్నాను. గ్లవ్స్ లేవు. చేతి గడియారం, మెడలో గొలుసు తీసేశాను. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, పని ముట్టుకోకుండా, మాటలతోనే మిగతా రెండు రంధ్రాలూ నాచేత వేయించాడు. "కాళ్లు ఎడం పెట్టుండ్రి. మోచెయ్యి పక్కకు. ఒత్తకుండ్రి సార్, మిషను పని మిషను చేస్తది. ఆ... ఊపిరి పీల్చుకోండ్రి." పది ముప్పై నాలుగుకు మందిరం గోడ మీద ఉంది. ఎడమ పక్క ఒక నూలు వాసి కిందికి ఉన్నట్టు నాకు అనిపించింది. అత్తగారికి కనిపించలేదు, కనిపించినా అనలేదు.

భోజనాలయ్యాక ఆయన వెళ్తూ వెళ్తూ, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, "సోమారం ఏం నొక్కమంటరు సార్?" అని అడిగాడు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు. ఆయన ఉద్యోగం, ఆయన నడుం, ఆయన ఇల్లు అన్నీ నేను నక్షత్రం పెట్టిన ఆ ఒక్క ప్రశ్నలో ఇరుక్కుని ఉన్నాయి. "మీరు ఎప్పుడూ నొక్కేదే నొక్కండి" అన్నాను. అలా అనేశాను గానీ, ఆయన పరీక్ష మొదలయ్యే సోమవారం మధ్యాహ్నం మూడింటికల్లా దాన్ని ఒప్పు చేయాల్సింది నేనే.

ఆదివారమంతా, బాస్‌కి ఎలా చెప్పాలో పదిరకాలుగా అనుకున్నాను. నెపం పెట్టడానికి నాలుగైదు దార్లు కనిపించాయి కూడా. కంప్యూటర్ పొరపాటనొచ్చు. అనువాదంలో జారిందనొచ్చు. తెలుగు చదవగలిగినవాళ్లు ఆఫీసులో ఇంకెవరూ లేరు, ఎవరికీ చెప్పకుండా జవాబు మార్చేసినా అడిగేవాడు లేడు. మార్చేద్దామనే అనుకున్నాను, నిజంగా. సోమవారం పొద్దున్న సిస్టం తెరిచి, మార్చే ముందు, ఆ ప్రశ్న దగ్గర ఎంతమంది తప్పారో ఊరికే చూశాను. పద్నాలుగు మంది. పేర్ల పక్కన వాళ్ల అనుభవం ఎన్నేళ్లో రాసి ఉంది. పన్నెండేళ్లు. తొమ్మిదేళ్లు. పదిహేనేళ్లు. తప్పినవాళ్లంతా డ్రిల్లు పట్టినవాళ్లు. మొదటి జవాబు నొక్కి దర్జాగా పాసైనవాళ్ల పేర్లూ చూశాను. కొత్తగా దిగినవాళ్లు, డ్రిల్లు ముఖం చూడనివాళ్లు. అచ్చం నాలాంటివాళ్లు. వాళ్లందరికీ గ్లవ్స్ వేసుకుని డ్రిల్లు పట్టమని, గంభీరమైన గొంతుతో చెప్పినవాణ్ణి నేను. ఇక చప్పుడు చేయకుండా మార్చే పని కాదది. లేచి బాస్ గదికి వెళ్లాను.

మా బాస్ ఇక్కడే పుట్టి పెరిగిన చైనీస్ ఆవిడ, పొట్టి మనిషి, పెద్ద గొంతు. నేను చెప్పిందంతా విని, ఉత్తరీయం దగ్గర ఒకసారి, ముక్కు దగ్గర ఒకసారి కళ్లు మూసుకుంది. "వెయిట్ అహ్. యూ నెవర్ టచ్ డ్రిల్ బిఫోర్, దెన్ యూ టీచ్ డ్రిల్?" అంది. అవునన్నాను. "అండ్ ద అంకుల్ హూ నోస్, యూ ఫెయిల్ హిమ్?" అవునన్నాను. "ట్వైస్?" అవునన్నాను. ఆవిడ చాలాసేపు నా వైపు చూసి, "ఐయో" అని మాత్రం అంది. నాకు దక్కిన తిట్లలో అన్నింటికన్నా పొట్టిది అదే, అన్నింటికన్నా లోతుగా దిగిందీ అదే. తర్వాత ఫోన్ తీసి, పదకొండో ప్రశ్న తప్పు మాదేనని కంపెనీలకు తనే చెప్పింది. పద్నాలుగు మందికీ నువ్వే ఫోన్ చేసి చెప్పు, నీ గొంతు వాళ్లకు తెలుసు కదా, అంది. మొదటి జవాబు నొక్కి పాసైనవాళ్లందరినీ పిలిచి మళ్లీ పాఠం చెప్పించమంది. పాఠం తిరగరాసి, డ్రిల్లు పట్టిన మనిషి ఒకడు విని సరే అనేదాకా రికార్డు చేయొద్దంది. ఆ మనిషి ఎవరో వేరే చెప్పక్కర్లేదు కదా.

మధ్యాహ్నం రెండున్నరకు, పరీక్ష గదికి వెళ్లకముందే దొరకాలని, డ్రిల్లన్నకు మొదట ఫోన్ చేశాను. వెనక ఏదో మిషను చప్పుడు, ఎవరో అరుస్తున్నారు. "అన్నా, మీరు పరీక్ష రాయక్కర్లేదు. మీరు పాసయ్యారు. రెండుసార్లూ పాసయ్యారు" అన్నాను. అవతల చప్పుడు తగ్గింది. ఆయన ఏదో మూలకు నడిచి వెళ్లినట్టున్నాడు. "నాకు ఎరికే సార్" అన్నాడు. "మీకు తెల్వాలె గదా అని చూస్తున్న."

ఆ ఫోన్ పెట్టేశాక కాసేపు కుర్చీలో అలాగే కూర్చుని, కళ్లు తుడుచుకుని, మిగతా పదమూడు మందికీ చేశాను. కొందరు నవ్వారు, ఒకాయన తిట్టాడు, అప్పటికే బరువుల బ్యాచిలో పడ్డ ఇంకొకాయన, ఇప్పుడా చెప్పేది అన్నాడు. ఆయన్ను తిరిగి తన పనిలో వేసేదాకా నాకు అన్నం సయించలేదు. ఏళ్లు గడిచాయి. ఈ ఊళ్లోనే ఉన్నాను, ఇదే పని చేస్తున్నాను. ఇప్పుడు ఏ పాఠం రాయాలన్నా ముందు ఆ పనిముట్టు పట్టుకుని, ఎవరో ఒక పెద్దాయన చేత చీవాట్లు తిని, ఆ తర్వాతే రాస్తాను. అప్పుడప్పుడూ మా పాత హార్డ్‌డిస్కులో ఆ మొదటి రికార్డింగు తగులుతుంది. ఎంత ధీమా, ఎంత స్పష్టమైన ఉచ్చారణ, ఒక్క మాటైనా తడబడని గొంతు! తీసేద్దామనుకుంటూనే చివరిదాకా వింటాను. ఆ కుర్రాడికి ఏమీ తెలియదు పాపం, కానీ ఎంత బాగా చదివాడో అనిపిస్తుంది, నాలో నేనే నవ్వుకుని కట్టేస్తాను.